కీళ్లకు దిగిన చర్మవ్యాధి: చికిత్సయు వ్యయమును

 

ముప్పది నాలుగేండ్లు బడిలో తెలుఁగు చెప్పినవాఁడను గావున నేఁడు నేను ఏ కావ్యమునుగుఱించియో మాటలాడుదునని మీరు తలఁచియుందురు. నేను ఎన్నుకొనిన విషయము వేఱు. అది నా కుడిచేతి వ్రేళ్ల కథ. నేను వైద్యుఁడను కాను, రోగిని. ఒక వ్యాధితో పదేండ్లుగా కాపురము చేయుచు, దానికై పెట్టిన ప్రతి రూపాయిని చిట్టాలో వ్రాసికొనినవాఁడను. ఆ చిట్టాను మీ ముందు విప్పి చూపుటయే నేఁటి నా పని. మందు మాత్రము ఎవరికివారు వైద్యుని యొద్దనే తీసికొనవలయును.

మనలో కొందఱికి మోఁచేతులమీఁదను, మోఁకాళ్లమీఁదను, తలలోను ఎఱ్ఱని మచ్చలు లేచి, వానిపై వెండివంటి పొలుసులు రాలుచుండును. వైద్యులు దీనిని సోరియాసిస్ అందురు. ఇది అంటువ్యాధి కాదు. ఒకే కంచమున తినినను, ఒకే పడకపై పరుండినను ఒకరినుండి యొకరికి రాదు. ఇది కుష్ఠమును కాదు. కుష్ఠపు మచ్చపై సాధారణముగా స్పర్శ తెలియదు. ఈ మచ్చపై స్పర్శ యుండును, తఱచుగా దురదయు నుండును. కుష్ఠమునకు సైతము నేఁడు ప్రభుత్వ వైద్యశాలలలో ఉచితముగ మందులిచ్చి నయము చేయుచున్నారు గావున, ఏ మచ్చనైనను దాఁచుకొనవలసిన పని లేదు. దేహమును కాపాడవలసిన రక్షణశక్తియే పొరపడి మన చర్మముపై తిరుగఁబడుటవలన సోరియాసిస్ పుట్టును. కంచె చేను మేసినట్లన్న సామెత దీనికి చక్కఁగా సరిపోవును.

నాకు ఈ మచ్చలు 2004 ప్రాంతమున వచ్చినవి. పిల్లలు చూతురని పొడుగుచేతుల చొక్కా తొడుగుకొంటిని. ఎవరైన ప్రక్కనుండి లేచిపోదురేమో యని పంక్తిభోజనములకు పోవుట మానితిని. ఆ మచ్చల వ్యాధి కీళ్లకు దిగవచ్చునని నేను ఎఱుఁగను. సోరియాసిస్ గలవారు నూఱుగురుండినచో వారిలో ఇరువది ముప్పదిమందికి కీళ్లవ్యాధియు కలుగును. ఎక్కువమందికి చర్మము ముందు చెడి, ఏండ్లు గడచిన పిమ్మట కీళ్లు చెడును. దీనినే సోరియాటిక్ ఆర్థ్రైటిస్ అందురు.

2015వ సంవత్సరమున ఒకనాఁడు నల్లబల్లపై వ్రాయుచుండఁగా సుద్దముక్క చేతినుండి జాఱిపోయెను. చూచుకొనఁగా నడిమివ్రేలు మొదటినుండి చివరిదాఁక చిన్న అరఁటిపండువలె వాఁచియుండెను. అది వ్రాఁత వ్రాసి వచ్చిన వాఁపని సరిపెట్టుకొంటిని. నావలె మీరు మోసపోకుండుటకై ఆనవాళ్లు చెప్పెదను. ఒక్క కణుపే గాక వ్రేలు మొత్తము వాఁచుట మొదటిది. ఉదయమున లేచునప్పటికి కీళ్లు బిగిసికొని, అరగంటకు మించి సడలకుండుట రెండవది. అరిగిన మోఁకాలు నడచినకొలఁది నొచ్చును; ఈ వ్యాధిలో కదలినకొలఁది కొంత సుఖము కలుగును. గోళ్లపై సూదిమొనతో పొడిచినట్లు గుంటలు పడుటయు, గోరు క్రింది చర్మమునుండి లేచుటయు మూఁడవది. మడమవెనుక నరము పట్టుచోట నొప్పి నాలుగవది. నడుమునొప్పి రాత్రి తెల్లవాఱుజామున నిద్రలేపి, లేచి తిరిగినచో తగ్గుట ఐదవది. రక్తపరీక్షలో కీళ్లవాతపు గుఱుతు లేదని వ్రాసినంతమాత్రమున ఈ వ్యాధి లేదనుకొనరాదు. దీనిలో ఆ గుఱుతు తఱచుగా కనఁబడదు.

ఇఁక నా తప్పు చెప్పెదను. మా తమ్ముఁడు ప్రేమతోనే నన్ను ఒక పట్టణమునకు తీసికొనిపోయి, పేరులేని పొడి యిచ్చు నొకని యొద్ద కూర్చుండఁబెట్టెను. నెలకు 1,800 రూపాయలు. వారము తిరుగకమునుపే నొప్పి మాయమయ్యెను. దేవుఁడే దిగివచ్చెనని మురిసితిని. పదునాలుగు నెలలు తింటిని. ముఖము గుండ్రనయ్యెను; లేని చక్కెరవ్యాధి తలయెత్తెను. ఒకమాఱు వానలవలన దారులు తెగి పది దినములు పొడి అందలేదు. అంతట మచ్చలు వీఁపంతయు, కాళ్లంతయు అగ్నివలె లేచినవి; వ్రేళ్లు మునుపటికంటె వాఁచినవి.

2017లో ఒక ప్రభుత్వ వైద్యశాలకు పోతిని. అక్కడ కీళ్లవ్యాధుల విభాగమున నున్న వైద్యురాలు నా మనుమరాలి యీడున కొంచెము పెద్దది. ఆమె నా కథ విని, ముఖము చూచి, "మాస్టారూ! మీరు తినినది స్టెరాయిడు కలిసిన పొడి. దానిని తటాలున మానినచో సోరియాసిస్ ఇట్లే విజృంభించును" అనెను. పిమ్మట ఎక్సురే పటమును వెలుఁగునకెత్తి చూపి, "ఈ రెండు వ్రేళ్ల కీళ్లు కఱఁగిపోయినవి. వీనిని నేను మరల చక్కఁజేయలేను. తక్కిన యెనిమిదింటిని కాపాడుదము" అని పలికెను. "తల్లీ! మొదటనే వచ్చియుండినచో?" అని యడిగితిని. ఆమె బదులు చెప్పలేదు. పటమును కవరులో పెట్టి నా చేతికిచ్చెను.

శాస్త్రము చదివి, నాడి చూచి, తానిచ్చు మందు పేరు చెప్పు ఆయుర్వేద వైద్యుని నేను తప్పుపట్టుట లేదు. పేరు చెప్పని పొడిని తప్పుపట్టుచున్నాను. మీలో ఎవరైన అట్టి పొడి తినుచున్నచో, నా మాట విని ఈ రాత్రియే దానిని పాఱవేయకుఁడు. ఆ పొట్లమును చేతఁబట్టుకొని వైద్యుని యొద్దకు పొండు. క్రమముగ మానుపవలసిన దానిని క్రమముగనే మానుపవలయును.

ఈ వ్యాధికి సమూలముగ పోఁగొట్టు మందు నేఁటికిని లేదు. అణఁచియుంచు మందులు మాత్రము చాలఁగలవు. వానిని నేను నాలుగు మెట్లుగా చెప్పెదను.

మొదటి మెట్టు నొప్పిమాత్రలు. ఇవి చవుక. నొప్పిని, వాఁపును తగ్గించును. కాని కీలు కఱఁగుటను ఆపవు. నెలలతరబడి వైద్యుని అడుగక వాడినచో కడుపులో పుండ్లు పడును, మూత్రపిండములు చెడును, రక్తపుపోటు పెరుగును. మన యీడువారికి ఈ భయము మఱింత యెక్కువ. వ్యాధి స్వల్పమైనప్పుడు ఇవియే చాలవచ్చును; ఒకటి రెండు కీళ్లే వాఁచినచో ఆ కీలులోనికే మందు సూది వేయుదురు.

రెండవ మెట్టు రక్షణశక్తిని అదుపుచేయు పాతమందులు. వానిలో ముఖ్యమైనది మెథోట్రెక్సేట్. ఈ మందునకు మన తెలుఁగుగడ్డతో చుట్టఱికము గలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాకు పోయి, లెడర్లే ప్రయోగశాలలో పరిశోధకులకు నాయకులై, ఫోలిక్ ఆసిడ్ అను విటమినును కృత్రిమముగ తయారుచేయించిరి. చూడ దానివలెనే యుండి దాని పనిని అడ్డగించు మందులను కూడ ఆ ప్రయోగశాలవారే చేసిరి. అట్టి దొకటైన అమినోప్టెరిన్‌ను సిడ్నీ ఫార్బర్ అను బోస్టను వైద్యుఁడు రక్తపు కాన్సరు గల పిల్లలకిచ్చి 1948లో ఫలితమును ప్రకటించెను. ఆ యేఁడే సుబ్బారావుగారు కాలధర్మము నొందిరి. 1951లో గుబ్నర్ అను వైద్యుఁడును ఆయన సహచరులును ఆ మందు కీళ్లవాతమును, సోరియాసిస్‌ను కూడ తగ్గించుచున్నదని తెలిపిరి. దాని తోడఁబుట్టినదే మెథోట్రెక్సేట్. నేఁడు రోగి మెథోట్రెక్సేట్‌తోపాటు, దాని తీక్ష్ణతను తగ్గించుటకై ఫోలిక్ ఆసిడ్ మాత్రయు వేఱొక దినమున వేసికొనును. రెండును ఒకే ప్రయోగశాలనుండి వచ్చిన బిడ్డలే.

ఇచ్చట ఒక మాట చెవియొగ్గి వినుఁడు. మెథోట్రెక్సేట్‌ను వారమునకు ఒక్క దినమే వేసికొనవలయును. తక్కిన మాత్రలవలె ప్రతిదినము మ్రింగి ప్రాణములు పోఁగొట్టుకొనినవారు గలరు. మా యింట గురువారము దానికి నియమితము. మా మనుమరాలు గోడమీఁది కాలెండరులో ప్రతి గురువారమునకు ఎఱ్ఱసిరా చుట్టును; నేను మాత్ర వేసికొనినవెంటనే దానిని కొట్టివేయును. మందుల డబ్బా మా యింటిదాని పెట్టెలో నుండును. నోటిలో పుండ్లు, జ్వరము, ఊపిరాడమి, చర్మముక్రింద రక్తపు మచ్చలు కనఁబడినచో తరువాతి మాత్రను వేసికొనక వైద్యుని యొద్దకు పరుగెత్తవలయును. మద్యము మానవలయును. గర్భిణులు దీనిని ముట్టరాదు. బిడ్డను కోరు స్త్రీలు ముందుగనే వైద్యునికి చెప్పి, మానిన పిమ్మట కొంతకాలము ఆగవలయును. వేఱొక జబ్బునకు వేఱొక వైద్యుని యొద్దకు పోయినప్పుడును ఈ మందు వాడుచున్నానని చెప్పవలయును. మూత్రపుమంటకిచ్చు కొన్ని మాత్రలు దీనితో కలిసినచో విషమగును. మొదట నెలకొకమాఱు, పిమ్మట మూఁడు నెలలకొకమాఱు రక్తము పరీక్షింపించుకొనవలయును.

ఈ మందు పొడివలె వారములో మాయ చేయదు. గుణము తెలియుటకు ఆఱు మొదలు పండ్రెండు వారములు పట్టును. నాలుగు వారములు వేసికొని పనిచేయలేదని మానినవారిని నేను పలువురిని చూచితిని. నాట్లు వేసిన నెలకే పంట కోయఁబోవు రైతు గలఁడా? అయినను ఇది అందఱికి చాలదు. వెన్నెముకకు దిగిన వ్యాధికి ఇంచుమించు పనిచేయదు. దీని వరుసలోనివే సల్ఫసలాజిన్, లెఫ్లునొమైడ్ అను మాత్రలు.

మూఁడవ మెట్టు క్రొత్త మాత్రలు. అప్రెమిలాస్ట్ అనునది 2014లో అమెరికాలో ఈ వ్యాధికి అనుమతి పొందెను. టోఫాసిటినిబ్ 2017లో పొందెను. ఇప్పుడు వీనిని మన దేశపు కంపెనీలే తయారుచేయుచున్నవి గావున వెల దిగినది. అంగడినిబట్టి నెలకు వేయి మొదలు మూఁడువేల రూపాయల ప్రాంతమున నుండును. అయితే టోఫాసిటినిబ్ జాతి మందులవలన గుండెపోటు, రక్తపుగడ్డలు, కాన్సరు ప్రమాదము కొంత పెరుగవచ్చునని 2021లో అమెరికా ఔషధశాఖ హెచ్చరించెను. అఱువదియైదు దాఁటినవారును, పొగత్రాగువారును వైద్యునితో బాగుగా ఆలోచించిగాని వీనికి పూనుకొనరాదు.

నాలుగవ మెట్టు జీవకణములనుండి చేయు సూదిమందులు. ఎటనర్సెప్ట్, అడాలిముమాబ్, సెకుకినుమాబ్ అనునవి వానిలో కొన్ని. ఇవి చాల గొప్ప మందులు. కీలు కఱఁగుటను ఆపుటలో వీనికున్న బలము పాతమందులకు లేదు, వెన్నెముకకును పనిచేయును. కాని వెల నెలకు పదివేలు మొదలు కొన్ని పదుల వేలు. 2014 డిసెంబరులో ఒక భారతీయ సంస్థ అడాలిముమాబ్‌నకు సమానమైన మందును ప్రపంచములో మొట్టమొదటగా విపణిలోనికి తెచ్చెను. అప్పటినుండి ఇట్టి స్వదేశపు సూదులు పెరిగి వెలలు దిగుచున్నవి. ఈ సూదులకు ముందు క్షయ దాఁగియున్నదేమో తప్పక పరీక్షింపవలయును. మన దేశమున పలువురి దేహములలో క్షయ నిద్రించుచుండును. సూదిమందు రక్షణశక్తిని తగ్గించినచో అది మేల్కొనవచ్చును. కామెరలు కలిగించు హెపటైటిస్ పరీక్షయు చేయింపవలయును. సూదిని శీతలపెట్టెలో నుంచవలయునే గాని గడ్డకట్టనీయరాదు.

ఇఁక చిట్టా విప్పెదను. పొడికి నెలకు 1,800 చొప్పున పదునాలుగు నెలలకు 25,200 రూపాయలు పెట్టితిని. ఫలము: రెండు వ్రేళ్లు వంగినవి, చక్కెరవ్యాధి వచ్చినది. మెథోట్రెక్సేట్, ఫోలిక్ ఆసిడ్ మాత్రలకు నాకైన ఖర్చు నెలకు 150. మూఁడు నెలలకొకమాఱు రక్తపరీక్షకు 900, అనఁగా నెలకు 300. మొత్తము 450. పదునాలుగు నెలలకు 6,300 రూపాయలు. పొడికైనదానిలో నాలుగవ వంతు. ఫలము: ఎనిమిది వ్రేళ్లు నిలిచినవి. ఈ ఉపన్యాసమును నా చేతితోనే వ్రాసికొంటిని. అక్షరములు మునుపటివలె గుండ్రముగ లేవు, కాని చదువ వీలగుచున్నవి.

ఇప్పుడు ఈ కథ చెప్పుటకు కారణము గలదు. మొన్నటి సంక్రాంతికి మా వీథి యువకుఁడొకఁడు నా వంకరవ్రేళ్లు చూచి, ఎవరును లేని సమయమున తన చేయి చూపెను. అవే మచ్చలు, అదే వాఁపు. "మాస్టారుగారూ! మా నాయన ఖరీదైన సూది వేయింతునని ముప్పది సెంట్లు బేరము పెట్టినాఁడండి" అనెను. ఆ రాత్రియే నేను వాని తండ్రిని పిలిచి, "ఏమయ్యా! భూమి ఒక్కమాఱే అమ్ముడుపోవును. సూది నెలనెల కావలయును. ముప్పది సెంట్లు అయిపోయిన పిమ్మట ఏమి యమ్ముదువు?" అని యడిగితిని. అతఁడు తలవంచుకొని, "ఏమి చేయమందురు బాబుగారూ? పిల్లవాఁడు రాత్రులు ఏడ్చుచున్నాఁడు" అనెను. తండ్రి మాట తప్పు కాదు, త్రోవయే తప్పు. మఱునాఁడు ముగ్గురమును ప్రభుత్వ వైద్యశాలకు పోతిమి. వానికి ఇంకను రెండవ మెట్టు మందే మొదలుపెట్టలేదని అక్కడివారు చెప్పిరి. నాలుగు నెలలైనది. వాఁడు మరల పొలము పనికి పోవుచున్నాఁడు. మూఁడవ, నాలుగవ మెట్టులు వానికి కావలసివచ్చునేమో కాలము చెప్పును. వచ్చినచో అప్పుడు దారులు వెదకుదము. భూమి యింకను వారి పేరుననే యున్నది.

ఆ దారులు ఏవియో వినుఁడు. మొదట పెద్ద ప్రభుత్వ వైద్యశాలకు పొండు. హైదరాబాదులోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో కీళ్లవ్యాధులకు ప్రత్యేక విభాగము గలదు. దూరము పోలేనివారు జిల్లాలోని వైద్యకళాశాల ఆసుపత్రిలో చర్మవైద్యునికో, సాధారణ వైద్యునికో మచ్చలను, కీళ్లను రెంటిని చూపవలయును. ఒకదానిని చూపి రెండవదానిని దాఁచినచో రోగము పేరే తెలియదు. 2008లో మొదలైన జన ఔషధి దుకాణములలో పలు మందులు బయటి వెలలో సగమునకును అంతకు తక్కువకును దొరకును. చీటీ చూపి అక్కడ ముందడుగుఁడు. 2007లో మన రాష్ట్రమున పుట్టిన ఆరోగ్యశ్రీయు, 2018లో వచ్చిన ఆయుష్మాన్ భారతును ముఖ్యముగ ఆసుపత్రిలో చేరి చేయించుకొను చికిత్సలకు ఏర్పడినవి; ఇంటియొద్ద మ్రింగు మాత్రల ఖర్చు వానిలో సాధారణముగా చేరదు. అయినను సూదిమందు వ్రాసినప్పుడు మీ కార్డుతో ఆరోగ్యమిత్రను కలిసి, ఈ చికిత్స జాబితాలో నున్నదా యని అడుగకుండ రాకుఁడు.

వైద్యుఁడు సూది వ్రాసినచో మర్యాదగ నాలుగు ప్రశ్నలు వేయుఁడు. వారపు మాత్రను తగిన మోతాదున తగినంతకాలము చూచితిమా? ఎన్ని నెలలలో గుణము తెలియును, తెలియకున్న మానుదుమా? స్వదేశపు సమానమందు గలదా? గుణము నిలిచిన పిమ్మట సూదికి సూదికి నడుమ వ్యవధి పెంచవచ్చునా? అచ్చువేసిన వెలకును ఆసుపత్రిలో ఇచ్చు వెలకును భేదముండుట కలదు. ఆ మాటయు అడుగుఁడు. మంచి వైద్యుఁడు ఈ ప్రశ్నలకు కోపగింపఁడు.

కడపట మన చేతిలోనిదే యొక మందు గలదు. దానికి వెల లేదు. మన యూళ్లలో ఎవరితో పంక్తిని కూర్చుండవచ్చునో, ఏ సంబంధము చేయవచ్చునో చెప్పువారము మనమే. మచ్చలుగల పిల్లను, పిల్లవానిని మనము వేఱుగ చూచినకొలఁది వారు చొక్కా చేతులు దించుకొందురు. దాఁచినకొలఁది ఆలస్యమగును. ఈ వ్యాధిలో ఆఱునెలల ఆలస్యము సైతము కీలును చెఱుపఁగలదు. వంశములో కొంత దిగు స్వభావము దీనికి గలదు. కాని తల్లికో తండ్రికో ఉన్నంతమాత్రమున ప్రతి బిడ్డకును రాదు. ఇది పెండ్లి తప్పించుకొనవలసిన వ్యాధి కాదు; వేళకు చూపించుకొనవలసిన వ్యాధి.

నేను పంక్తిభోజనములకు మరల పోవుచున్నాను. పొట్టిచేతుల చొక్కాయే తొడుగుకొనుచున్నాను. రేపు మీ వీథిలో ఎవరైన ఎండలోను పొడుగుచేతుల చొక్కాతో కనఁబడినచో, ప్రక్కకు పిలిచి, వ్రేళ్లు వాఁచుచున్నవా యని ఒక్క మాట అడుగుఁడు. నన్ను 2015లో ఎవరును అడుగలేదు.